పారిస్‌లో పెళ్లిరోజు విందు: కార్డు పరిమితిని అత్యవసర నిధి అనుకోకండి

ప్రశ్న: వచ్చే నెల మా పదో పెళ్లిరోజుకు నేనూ నా భార్యా పారిస్‌లో ఉంటాం. విందుకు రెండు రెస్టారెంట్లు చూశాం. మొదటిది మిషెలిన్ స్టార్ (మేటి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు) ఉన్నది. బుకింగ్ సమయంలోనే మొత్తం సొమ్ము కట్టాలి, రద్దు చేసుకుంటే తిరిగి రాదు. అది నా క్రెడిట్ కార్డు పరిమితిలో దాదాపు సగం. రెండోది మా హోటల్ దగ్గర్లోని చిన్న రెస్టారెంటు, భోజనం తర్వాతే చెల్లింపు. పొదుపంతా టికెట్లకూ హోటల్‌కూ అయిపోయింది కాబట్టి, మొదటిదానికి కార్డుతో కట్టి నెలనెలా కనీస మొత్తం చెల్లిస్తూ తీర్చుకుందామనుకుంటున్నాను. నా భార్యకు వేరుశనగ పడదు. వీసా కోసం ప్రయాణ బీమా తీసుకున్నాం. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: రెండోదాన్ని ఎంచుకోండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది విందు ఖర్చు కన్నా, చేతిలో పొదుపు లేకుండా కార్డు పరిమితి ఒక్కదాన్నే నమ్ముకుని పరాయి దేశానికి బయలుదేరడం. ఇలా బయలుదేరుతున్నవారు చాలామంది ఉన్నారు కాబట్టే ఈ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను.

ఆ పరిమితిలో సగం విందుకు పోతుంది. చాలా హోటళ్లు గదిలో దిగేటప్పుడే కార్డు మీద కొంత సొమ్మును డిపాజిట్‌గా నిలిపి ఉంచుతాయి, ఖాళీ చేసిన కొన్ని రోజులకు గానీ అది విడుదల కాదు. ఇక మిగిలేదెంత? అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే, బీమా ఉన్నా చిన్న చికిత్సలకు ముందు మీరే కట్టి, రసీదులు చూపించి తర్వాత రాబట్టుకోవాల్సి ఉంటుంది. పైగా చాలా పాలసీల్లో ప్రతి క్లెయిమ్‌లోనూ తొలి భాగాన్ని పాలసీదారే భరించాలి. ఆ క్షణంలో మీ దగ్గర ఉండాల్సిన డబ్బు నెల ముందే ఒక పూట భోజనానికి ఖర్చైపోయి ఉంటుంది.

బీమా పత్రాన్ని ఈ రోజే తీసి చదవండి. షెంజెన్ వీసాకు (ఫ్రాన్స్ సహా పలు యూరప్ దేశాలకు చెల్లే వీసా) కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కావడంతో, ఆ అంకె కనిపించే అతి చవక పాలసీని కొని ఊరుకునేవారు ఎక్కువ. ఆ మొత్తం వీసా అధికారి అడిగే కనిష్ఠం మాత్రమే, మీ అవసరానికి వేసిన లెక్క కాదు. మీ శ్రీమతి అలర్జీని బీమా కోసం నింపిన ప్రపోజల్ ఫారంలో రాశారా? ముందే తెలిసిన సమస్యను చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి మీరే కారణం అందించినట్టవుతుంది. రాయకపోయి ఉంటే ప్రయాణానికి ముందే కంపెనీకి తెలియజేసి, ఆ చికిత్సకు కవరేజీ ఉందని రాతపూర్వకంగా తీసుకోండి. అవసరమైతే పాలసీ మార్చండి. మద్యం మత్తులో జరిగిన ప్రమాదాలకు చాలా పాలసీలు వర్తించవన్నది కూడా పెళ్లిరోజు విందుకు వెళ్లేవారు తెలుసుకోవాలి.

కనీస మొత్తం కడుతూ తీర్చుకుంటానన్న ఆలోచనను దయచేసి వదిలేయండి. చాలా కార్డుల మీద వడ్డీ ఏడాదికి 40 శాతం దాటుతుంది, కనీస మొత్తంతో అసలు బాకీ పెద్దగా తగ్గదు, బకాయి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు కూడా పోతుంది. విదేశీ చెల్లింపు కాబట్టి సాధారణంగా 2 నుంచి 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ చెల్లింపుకు బ్యాంకు వేసే రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. తిని మరిచిపోయిన భోజనానికి వచ్చే పెళ్లిరోజు దాకా వడ్డీ కట్టడం ఏ లెక్కలోనూ సమర్థించలేను.

ప్రయాణానికి ఇంకా నెల ఉంది. ఈ నెల జీతంలోంచి, ఆ ఖరీదైన విందుకు అనుకున్నంత సొమ్మును అత్యవసరాల కోసం వేరే ఖాతాలో వేసి, దాని డెబిట్ కార్డును విదేశీ వాడకానికి సిద్ధం చేసి, క్రెడిట్ కార్డు ఉన్న పర్సులో కాకుండా విడిగా ఉంచుకోండి. తిరిగొచ్చాక ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే నిధి కూడేవరకు మరో ప్రయాణం తలపెట్టవద్దు.

చిన్న రెస్టారెంటుకు అలర్జీ గురించి ముందుగానే ఈమెయిల్ రాయండి. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి రెస్టారెంట్లు వేరుశనగతో సహా 14 అలర్జీ కారకాల సమాచారం ఇవ్వాలి. స్పష్టంగా జవాబివ్వని చోటికి వెళ్లకండి. ఫ్రాన్స్‌లో మెనూ ధరలోనే పన్ను, సర్వీసు కలిసి ఉంటాయి కాబట్టి టిప్పు మీ ఇష్టం. భోజనంతో పాటు కుళాయి నీళ్ల జగ్గు అడిగితే ఉచితంగా ఇస్తారు. కార్డు మెషీన్ రూపాయల్లో చెల్లించమంటే యూరోలనే ఎంచుకోండి.

మొదటి రెస్టారెంటు మీదే మనసుంటే, అక్కడ మధ్యాహ్న భోజనం ఉందేమో చూడండి. ఇలాంటి చోట్ల అది రాత్రి విందు కన్నా బాగా చవకగా ఉండటం మామూలే. అదీ బిల్లు మొత్తాన్ని గడువులోగా ఒకేసారి కట్టగలిగితేనే, పైన చెప్పిన ఖాతాను ముట్టుకోకుండా కట్టగలిగితేనే.