ఆరోగ్యంగా ఉన్న పాప మలపరీక్షలో ఈఎస్‌బీఎల్: మందు అవసరమా?

ఏ జబ్బూ లేని మీ నాలుగేళ్ల పాప మలపరీక్షలో ఈఎస్‌బీఎల్ ఈ. కోలై (చాలా యాంటీబయోటిక్‌లను పనిచేయకుండా చేసే ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములను తయారుచేసే పేగు బ్యాక్టీరియా) కనిపించిందనీ, దాన్ని తొలగించడానికి యాంటీబయోటిక్ వాడాలా అనీ అడిగారు. వాడవద్దండి. బ్యాక్టీరియా పేగులో ఉండటమే వ్యాధి కాదు. యాంటీబయోటిక్ ఎరుగని పసిపిల్లల్లో సైతం మందులకు లొంగని గుణాన్నిచ్చే ఇటువంటి నిరోధక జన్యువులు కనిపిస్తాయి, ఎందుకంటే అవి తల్లి నుంచి, నీటి నుంచి, ఆహారం నుంచి వచ్చే బ్యాక్టీరియాతో చేరి, ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్ఏ ముక్కల ద్వారా ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి మారుతూ ఉంటాయి. ఇప్పుడు మందు ఇస్తే దానికి లొంగే మేలైన బ్యాక్టీరియా నశించి, లొంగనివే పెరిగే ప్రమాదం ఉంది. 2019 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు కూడా ఇటువంటి వాహకులకు (జబ్బు లేకుండా ఈ బ్యాక్టీరియాను పేగులో మోసేవారికి) నిర్మూలన చికిత్సను మామూలుగా సిఫారసు చేయలేదు. రిపోర్టును మాత్రం భద్రపరచండి. పాపకు ఎప్పుడైనా మూత్రంలో మంటతో జ్వరం వచ్చినా, శస్త్రచికిత్స అవసరమైనా, దాన్ని వైద్యునికి ముందే చూపితే సరైన మందు ఎంపిక చేయడానికి ఎంతో ఉపకరిస్తుంది. మలవిసర్జన తర్వాత, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగించండి.