అమ్మలూ, ముందు కొంగు చూడు

అమ్మలూ,

వందనాలు. రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వచ్చే నెల నుంచి ఆదివారం సాయంత్రం ఆరాధన అయ్యాక గంటసేపు నువ్వు ముందు కూర్చుంటావట, బైబిలు గురించి ఎవరేమడిగినా జవాబు చెప్తావట, సంఘంవాళ్లే కాక బయటివాళ్లూ రావచ్చట. వాడి ఆనందం చూడాలి! ‘మా అమ్మాయి బీడీ చదివింది’ అని వీధంతా చెప్పుకుంటుంటే పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుందట. దైవశాస్త్రం అని చెప్పి చావరా అన్నాను.

నాకూ గర్వంగానే ఉంది. ఫోన్ పెట్టేశాక నిద్ర మాత్రం పట్టలేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తా. కయీను భార్య ఎక్కణ్ణుంచి వచ్చిందని తప్పకుండా అడుగుతారు. ఆదాముకు కూతుళ్లూ ఉన్నారని ఆదికాండం 5:4 చూపించి ముందుకు పో. డిసెంబరు 25 బైబిల్లో లేదు, లేదనే చెప్పు. జ్ఞానులు ముగ్గురని కూడా లేదు, ఉన్నవి మూడు కానుకలు. కతోలికుల దాంట్లో 73 పుస్తకాలు, మన దాంట్లో 66. ఎందుకో నాకంటే నీకే బాగా తెలుసు, రెండు ముక్కల్లో చెప్పు, ఎవర్నీ తక్కువ చేయకు. ఇస్కరియోతు యూదా ఉరేసుకున్నాడని మత్తయిలో ఉంది, పడి కడుపు పగిలిందని అపొస్తలుల కార్యాల్లో ఉంది, ఏది నిజమని ఓ కుర్రాడు లేస్తాడు. రెంటినీ కలిపి పెద్దలు చెప్పేది చెప్పు. కుదరనిచోట అతుకులు వేయకు. పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

‘స్త్రీ మౌనముగా ఉండవలసినదే’ అని తిమోతి పత్రిక తెరిచి ఒక పెద్దాయన లేస్తాడు చూడు, దానికి సిద్ధంగా ఉండు. కోపం తెచ్చుకోకు. అపొల్లో అంతటి బోధకుణ్ణి ఇంటికి పిలిచి మార్గం విశదంగా చెప్పినవాళ్లలో ప్రిస్కిల్ల ఉంది. రోమా పత్రిక చివర పౌలు ఫీబేని సంఘ పరిచారకురాలని రాశాడు, అది ఆ పెద్దాయన చేతే చదివించు. నేను 34 ఏళ్లు పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పాను, పులిపీఠం, అదే గుళ్లో ప్రసంగ వేదిక, మాత్రం ఒక్కసారీ ఎక్కనివ్వలేదు. సరేలే, అది వేరే ఉత్తరం.

‘ప్రార్థన చేయించుకున్నాను, షుగరు బిళ్లలు ఆపేయొచ్చా?’ అని ఎవరైనా అడిగితే మాత్రం అక్కడికక్కడే, మైకులోనే, ఆపొద్దని చెప్పు. హిజ్కియా రాజు బతుకుతాడని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు.

‘మీరు బియ్యం కోసం మతంలో కలిసినోళ్లేగా’ అనేవాళ్లూ వస్తారు. రోషం వస్తుంది, నాకూ వచ్చేది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం తీసుకున్నారు, మా ముత్తాత అందులో ఒకడని మా నాయన చెప్పేవాడు. కరువులో మనవాళ్లకి బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కూలి ఇప్పించిన మిషనరీ క్లౌ దొరే, ఆ కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అది చెప్పు. ఆకలి సంగతి మాత్రం దాచకు. ఆకలిగా ఉన్నవాణ్ణి మనిషిగా చూసినవాళ్ల వెంట వెళ్లడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. ‘మరి మీ సంఘాల్లో కులం లేదా?’ అని అదే మనిషి అడిగితే క్రీస్తులో అందరూ ఒక్కటేనన్న గలతీ పత్రిక చదివి తప్పించుకోకు. ఉంది. ఉందని ఒప్పుకో.

ఇప్పుడు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ నాన్నకి కూడా ఇది చెప్పలేదు.

1983. నాకు 27 ఏళ్లు, పెళ్లి కాలేదు, బైబిల్ ఉమన్‌గా, అంటే ఊరూరా తిరిగి ఆడవాళ్లకి వాక్యం చెప్పే పనిలో, నాలుగో ఏడు. వచనం అడగడం ఆలస్యం, అధ్యాయంతో సహా చెప్పేదాన్ని. ఒంగోలు దగ్గర ఒక పల్లెలో శనివారం స్త్రీల కూటం పెట్టేవాళ్లం. పొగాకు పనికెళ్లిన ఆడవాళ్లు అటు నుంచి అటే వచ్చేవాళ్లు, చేతులకి ఆకు జిగురు నల్లగా అంటుకుని ఉండేది. వాళ్లలో ఒక పిల్ల, కొత్తగా బాప్తిస్మం తీసుకుంది, ఐదో నెల. కూటం అయిపోయి నేను బస్సుకి పరిగెడుతుంటే అడ్డమొచ్చి, కొంగు ముడి కాస్త విప్పి, ‘అమ్మగారూ, దేవరకి పెట్టింది తినొచ్చా?’ అంది.

నేను కొంగు వైపు చూడలేదు. బస్సు వైపు చూస్తూ మొదటి కొరింథీ 10:21 చెప్పాను. ప్రభువు బల్ల, దయ్యాల బల్ల, రెంటిలోనూ పాలుపొందలేరు. ‘తినకూడదు’ అన్నాను. బస్సెక్కాను. మంచి జవాబు చెప్పానని దారి పొడుగునా సంతోషపడ్డాను కూడా.

ఆ పిల్ల ఇంటికెళ్లి, వాళ్లమ్మ చూస్తుండగానే, తెచ్చిందంతా గేదె కుడితి తొట్టిలో వేసింది. ఆవిడ ఒక్కమాట అనలేదట. మూట కట్టి తెచ్చిన గుడ్డ దులిపి, నాలుగు మడతలు పెట్టి, చంకన పెట్టుకుని వెళ్లిపోయిందట. కాన్పుకి పిలవలేదు, పురుడు పోయలేదు. పిల్లాడి ముఖం మూడో ఏట గానీ చూడలేదు.

రెండేళ్ల తర్వాత నాకు తెలిసింది. ఆ పిల్ల నన్ను నిందించలేదు. ‘ఆ రోజు బస్సు తప్పిపోయి మా అమ్మ నడిచి వచ్చిందమ్మగారూ’ అంది, అంతే. ఏం తెచ్చిందని అప్పుడడిగాను. పాకం చలిమిడి. నువ్వులూ కొబ్బరి ముక్కలూ వేసి.

నీకు అర్థమైందా, అమ్మలూ? దేవర ముందు పెట్టేది పచ్చి చలిమిడి. పాకం చలిమిడి కడుపుతో ఉన్న కూతురి కోసం పుట్టింటివాళ్లు చేసేది, కడుపు చల్లగా ఉండాలని. ఆవిడ దారిలో పోలేరమ్మ గుడి దగ్గర మూట ఒక్క నిమిషం దించి, సుఖంగా కాన్పు కావాలని దండం పెట్టుకుని వచ్చింది. నేను కొంగులోకి ఒక్కసారి తొంగి చూసుంటే తెలిసేది. ఎవరు తెచ్చారని అడిగినా తెలిసేది.

చూసుంటే తినమనేదాన్నా? ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అదే అధ్యాయంలో అవిశ్వాసి భోజనానికి పిలిస్తే ఏమీ విచారించకుండా తినమని 27లో ఉంది, ఇది బలి అర్పించిందని ఎవరైనా చెప్తే తినొద్దని ఆ వెంటనే 28లో ఉంది. నేను ముందున్న 21 దగ్గరే ఆగిపోయాను. తినకపోయినా, ‘మీ అమ్మని కూర్చోబెట్టి అన్నం పెట్టు, నేనూ వస్తాను, ఇద్దరం కలిసి చెబుదాం’ అని ఆ బస్సు వదిలేయాల్సింది. లేచిన ప్రభువు శిష్యులతో ‘మీకు సమాధానము కలుగునుగాక’ అన్నాడు కదా, అక్కడ సమాధానమంటే శాంతి, మన తెలుగులో జవాబుకీ ఆ మాటే. నేను ఒకటిచ్చి రెండోది తీసేసుకున్నాను.

అందుకే నీ గంట సంగతి వినగానే నాకు భయం వేసింది. గంటలో ఎన్ని ప్రశ్నలు తెములుస్తావే? చేయెత్తి అడిగేవాళ్లకి చేయెత్తినంతసేపట్లో చెప్పు. అందరూ వెళ్లాక చెప్పులు వేసుకుంటున్నట్టు నటిస్తూ నిలబడేవాళ్లుంటారు, నీ అసలు గంట అప్పుడు మొదలవుతుంది. వాళ్లకి వచనం చెప్పేముందు ‘ఎవరు తెచ్చారమ్మా?’ అని అడుగు. ఆటో వెయిట్ చేస్తున్నాడని చెప్పావో, నా చేతిలో తన్నులు తింటావ్. ఇంకోటి, వేరే మతంవాళ్లని ‘అన్యులు’ అనే మాట నీ నోట రాకూడదు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి పాలు పడకపోతే నీకు పాలిచ్చింది ఎవరో మీ నాన్నని అడుగు.

గొంతు జాగ్రత్త. ఐస్ నీళ్లు తాగకు.

మీ నాన్న బుధవారం వస్తున్నాడు. డబ్బా ఒకటి పంపుతున్నా. పాకం కాస్త ముదిరింది, తిట్టుకోకుండా తిను.

మీ అత్త