పెనం దగ్గర ఆమెను పెడితే కులపెద్దలు వద్దంటున్నారు

ప్రశ్న: మా ఊరి సెంటర్లో టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. ఎస్సీ కాలనీ నుంచి వచ్చే ఒకామె రెండేళ్లుగా గిన్నెలు కడుగుతోంది. మాస్టర్ మానేశాక, దోసెలు బాగా వేస్తుందని ఆమెను పెనం దగ్గర పెట్టాను. మా కులపెద్దలు నలుగురు వచ్చి, "ఆమెను మళ్లీ గిన్నెల దగ్గరికి పంపు. లేదంటే నీ హోటల్ మెట్టు ఎవరూ ఎక్కరు, నిన్ను కులంలోంచి వెలేస్తాం" అన్నారు. తీసేయడం నాకిష్టం లేదు, గొడవలూ వద్దు. కాలనీ వాళ్లకు ఎప్పటినుంచో పేపర్ గ్లాసుల్లోనే టీ ఇస్తున్నాం, దానికెవరూ ఏమీ అనలేదు. ఇప్పుడేం చేయాలి? – ఒక హోటల్ యజమాని

జవాబు: మీరు మాటవరసకు రాసిన పేపర్ గ్లాసు దగ్గరే మొదలుపెడతాను. మిగతావాళ్లకు స్టీలు గ్లాసు, కాలనీ వాళ్లకు పేపర్ గ్లాసు అంటే అది పాత రెండు గ్లాసుల పద్ధతే. తాగి పారేసే గ్లాసైనంత మాత్రాన నేరం కాకుండా పోదు. హోటల్లో అందరికీ పెట్టే పాత్రలు అంటరానితనం పేరుతో కొందరిని వాడనివ్వకపోతే, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అయితే ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ఎవరైనా ఫోన్లో వీడియో తీస్తే ముద్దాయి మీరే, ఆ నలుగురు కాదు. కాబట్టి రేపు పొద్దున్నుంచే అందరికీ ఒకటే గ్లాసు. స్టీలైనా సరే, పేపరైనా సరే.

ఇక పెద్దల సంగతి. నచ్చనివాళ్లు మీ హోటల్‌కు రాకపోతే కేసు లేదు, అది వాళ్లిష్టం. కానీ కులం చూసి ఆమెను పని నుంచి తప్పించాలని బెదిరించడం వేరు. మిగతావాళ్లందరూ చేసే పనిని ఎస్సీలు చేయకుండా అడ్డుపడటం అదే అత్యాచారాల చట్టం 3వ సెక్షన్ కింద నేరం.

మీకూ రక్షణ ఉంది. అంటరానితనం పాటించనన్నందుకు సొంత కులంవాడిని వెలివేస్తే, ఆ వెలిలో పాలుపంచుకున్నవాళ్లకు పౌరహక్కుల చట్టం 7(2) కింద శిక్ష పడుతుంది. ఎవరింటి పెళ్లికి ఎవరిని పిలుచుకోవాలన్నది వాళ్లిష్టమే. నలుగురూ కూర్చుని పిలవకూడదని తీర్మానిస్తే మాత్రం వెలి కిందికే వస్తుంది.

ఈ మాట పెద్దల చెవిన వేస్తే సగం టెన్షన్ అక్కడే తీరొచ్చు. వాళ్లు ఏ రోజు, ఎవరి ముందు, ఏ మాటలతో బెదిరించారో ఇప్పుడే రాసి పెట్టుకోండి. నెలనెలా 30న ఊళ్లలో జరిపే పౌరహక్కుల దినానికి రెవెన్యూ, పోలీసు అధికారులు వస్తారు, అక్కడ చెప్పవచ్చు. లేదా 14566 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ ఆగకపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు.

కానీ స్టేషన్‌కు వెళ్లేముందు ఆమెను అడగండి. ఇందులో బాధితురాలు ఆమె, మీరు సాక్షి. కేసు పెట్టాక ఆ కాలనీలోనే, ఆ ఊళ్లోనే బతకాల్సింది ఆమె. సరేనంటే ఆమె వెంట మీరూ వెళ్లండి.