ఎన్2ఓ4కి డై, టెట్రా ఉన్నాయి, అల్యూమినియం ఆక్సైడ్‌కి ఎందుకు లేవు?

ఎన్2ఓ4ని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ (డై అంటే రెండు, టెట్రా అంటే నాలుగు) అన్నప్పుడు ఏఎల్2ఓ3ని డైఅల్యూమినియం ట్రైఆక్సైడ్ అని ఎందుకు అనకూడదు అని మీ అబ్బాయి అడిగాడన్నారు. ఇంటర్ ఫస్టియర్ స్లిప్ టెస్టులో నేను అచ్చం అలాగే రాశాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ పేర్లన్నీ కొత్త. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చారు గానీ ఎందుకు తప్పో చెప్పలేదు. అందుకే ఇప్పుడు ట్యూషన్‌లో ఈ పాఠం వచ్చిందంటే ముందు కారణమే చెబుతాను.

అల్యూమినియం చార్జి ఎప్పుడూ మూడు ప్లస్, ఆక్సైడ్‌ది రెండు మైనస్. రెండూ కలిస్తే లెక్క ఒక్కలాగే తేలుతుంది, పేరులో సంఖ్య చెప్పే పని లేదు. (ఐరన్ లాంటి లోహాలకు చార్జి మారుతుంది కాబట్టి రోమన్ అంకె వేస్తారు.) రెండూ అలోహాలైతే ఆ ధీమా లేదు. నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ఎన్2ఓ, ఎన్ఓ, ఎన్2ఓ3, ఎన్ఓ2, ఎన్2ఓ4, ఎన్2ఓ5 ఇన్ని అవుతాయి. ఊరికే నైట్రోజన్ ఆక్సైడ్ అంటే ఏదని అనుకోవాలి?

డై, ట్రై, పెంటా, హెప్టా, ఆక్టా, డెకా బట్టీ పట్టించకండి. ద్వి, త్రి, పంచ, సప్త, అష్ట, దశ పక్కన రాసి చూపించండి. గ్రీకు, సంస్కృతం చుట్టాలే. మా పిల్లలు రెండు వరసలూ వేళ్లమీద లెక్కపెడుతూ ఒక్క పూటలో నేర్చేసుకున్నారు.

ఎక్కువమంది పడే పొరపాటు మాత్రం వేరే ఉంది. చార్జి అంకెలను అటూ ఇటూ మార్చి రాసి, కొట్టివేతలతో కుదించే క్రిస్ క్రాస్ పద్ధతి అలవాటుతో ఎన్2ఓ4లో రెండుని కొట్టేసి ఎన్ఓ2 అని రాసేస్తారు. ఎన్ఓ2 గోధుమరంగు వాయువు, ఎన్2ఓ4కి రంగే లేదు. కొట్టేస్తే పదార్థమే మారిపోతుంది! అణువులో ఎన్ని ఉంటే అన్నీ చెప్పాల్సిందే.

మొదటి మూలకం పరమాణువు ఒక్కటే ఉంటే మోనో (ఒకటి) వద్దు, రెండోదానికి కావాలి, చివర ఐడ్. అందుకే కార్బన్ మోనాక్సైడ్. పీ4ఓ10 సీసా మీద ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ అని కనిపిస్తే కంగారుపడొద్దు. పీ2ఓ5 అని రాసే రోజుల నాటి పేరు అది, ఇప్పటికీ వాడుకలో ఉంది. లెక్క ప్రకారం టెట్రాఫాస్ఫరస్ డెకాక్సైడ్.

ఈ రాత్రికి పేరు మీరు చెప్పి ఫార్ములా వాడిచేత రాయించండి. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌తో (హెక్సా అంటే ఆరు) మొదలుపెట్టండి.