బంగారు పొర వేస్తే నానోవైర్లు తలో దిక్కుకి పెరుగుతున్నాయి, టెంపరేచర్ ఎంత పెట్టాలి?

సిలికాన్ మీద 5 నానోమీటర్ల బంగారు పొర వేసి, సిలికాన్ టెట్రాక్లోరైడ్ గ్యాస్ పంపితే నానోవైర్లు (వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని సిలికాన్ తీగలు) వస్తున్నాయి కానీ ఒకటి లావు, ఒకటి సన్నం, వరస లేదు అన్నారు. టెంపరేచర్ నాబ్‌ని కొన్నాళ్లు వదిలేయండి. వరస అనేది ఫర్నేస్‌లో పుట్టదు, అందులో పెట్టే ముందే తేలిపోతుంది.

1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌ పరిశోధకులు వాగ్నర్, ఎల్లిస్ చెప్పిందే ఇప్పటికీ ఆధారం. సిలికాన్ ఒక్కటే అయితే 1414 డిగ్రీల దాకా కరగదు, బంగారంతో కలిస్తే 363 డిగ్రీలకే ద్రవమవుతుంది, ఆ బిందువు గ్యాస్‌లోంచి సిలికాన్‌ని పీల్చుకుని కింద పేర్చుకుంటూ పోతుంది. అంటే వైరు లావు బిందువు సైజును బట్టి, దిక్కు కింది స్ఫటికాన్ని బట్టి ఉంటుంది. మీ పొర వేడికి తనంతట తానే చిట్లి ఇష్టమొచ్చిన సైజుల్లో బిందువులవుతోంది. విత్తనాలు వెదజల్లి, తాడు పట్టి నాటిన మడిలా రమ్మంటే ఎలా వస్తుంది?

చుక్కలను వరసగా గీసే ఈ-బీమ్ (ఎలక్ట్రాన్ పుంజం) యంత్రం మీద స్లాట్ దొరకదన్నారు కాబట్టి పాలీస్టైరీన్ గోళీల పద్ధతి చూడండి. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు నేను దీనితోనే నెట్టుకొచ్చాను. నీళ్లలో కలిపిన ఈ ప్లాస్టిక్ నానో గోళీలను ఒకే పొరగా పరిచి, ఆరాక పైనుంచి బంగారం వేసి, టోలుయిన్‌లో గోళీలను కరిగించేస్తే మూడేసి గోళీల మధ్య సందుల్లో పడిన చుక్కలే మిగులుతాయి. 500 నానోమీటర్ల గోళీలైతే చుక్క సుమారు 115, చుక్కల మధ్య దూరం సుమారు 290 నానోమీటర్లు. తంటా అంతా ఆ పొర ఆరడంలోనే. మన ఏప్రిల్, మే ఎండలకి నీళ్లు చటుక్కున ఆవిరైపోయి పొర ముక్కలు ముక్కలుగా విడిపోయేది, అదే గోళీలు వానాకాలంలో బుద్ధిగా సర్దుకునేవి. పెట్రీ డిష్ బోర్లించి, పక్కన తడి టిష్యూ పెట్టి నిదానంగా ఆరనివ్వడం మొదలుపెట్టాక ఎండాకాలంలోనూ పని జరిగింది. అయినా మధ్యమధ్య చీలికలు ఉంటాయి, మిల్లీమీటర్ల మేర తప్పులేని వరస మాత్రం ఆశించకండి.

తలో దిక్కుకి పెరగడానికి కారణం వేరు. వేఫర్, అంటే మీ సిలికాన్ బిళ్ల, (100) అయితే (ఈ అంకెలు స్ఫటికాన్ని ఏ తలం వెంట కోశారో చెబుతాయి) వైర్లు వాలే పెరుగుతాయి, నిలువుగా కావాలంటే (111) కొనండి. బంగారం కింద ఆక్సైడ్ మిగిలితే వైరుకి స్ఫటికం దిక్కు తెలియదు, అందుకే ఆక్సైడ్‌ని కరిగించే హెచ్‌ఎఫ్‌లో (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం) ముంచి, ఆలస్యం చేయకుండా బంగారం వేసేయాలి. హెచ్‌ఎఫ్‌ గాజుని తినేస్తుంది, గాజు బీకర్ వాడకండి, టెఫ్లాన్‌దే వాడండి, ఒంటి మీద పడితే రాసుకునే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట లేకపోతే అసలు సీసా మూతే తీయొద్దు, సీనియర్లు నవ్వితే నవ్వనీ.

ఇంకొకటి, 1000 డిగ్రీల దగ్గర బంగారం ఉన్నచోట ఉండదు, పాకుతూ పక్క చుక్కతో కలిసిపోతుంది. 2007లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆక్సైడ్ పొరకి రంధ్రాలు చేసి వాటిలో బంగారం లేదా రాగి పెట్టి దీన్ని ఆపారు, చదరపు సెంటీమీటరుకి మించిన మేర నిలువు తీగలు తెచ్చారు. మైక్రాన్ సైజు సరిపోతుందంటే ఆ రంధ్రాల పని మామూలు ఫొటోలిథోగ్రఫీతోనే (కాంతితో నమూనా అచ్చువేసే పద్ధతి) అయిపోతుంది.

ఇంతకీ మీ వేఫర్ (100)నా, (111)నా? వైర్లు పెంచకముందు తీసిన ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటో ఉంటే అదీ పెట్టండి.