క్లౌడ్ ఖాతాను డ్యాష్‌బోర్డుకు కలిపే ముందు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. గుణుపూర్‌లో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారిది కిరాణా దుకాణం. ఆయన కార్డుతో ఏడబ్ల్యూఎస్ (కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ సేవ) ఖాతా తెరిచి, ప్రాజెక్టులో భాగంగా ఖర్చులు చూపించే ఒక ఉచిత డ్యాష్‌బోర్డుకు కలిపాను. అది యాక్సెస్ కీ (ప్రోగ్రాములు ఖాతాలోకి రావడానికి వాడే పాస్‌వర్డు లాంటిది) అడిగితే రూట్ లాగిన్‌లోనే తయారుచేసి ఇచ్చేశాను. తప్పు చేశావని స్నేహితులు అంటున్నారు. నాన్నగారేమో విశాఖపట్నంలో క్లౌడ్ కోర్సులో చేర్పిస్తానంటున్నారు. ఇలాంటి పని తెలిస్తే ఉద్యోగాల్లో విలువ ఉంటుందా?

జవాబు: అమ్మా, ఉద్యోగం మాట తర్వాత. ముందు ఆ కీ సంగతి ఈ రోజే చూడండి. రూట్ అంటే ఖాతా యజమాని. ఆ కీ ఎవరి చేతిలో పడినా పెద్ద పెద్ద కంప్యూటర్లు అద్దెకు తీసుకుని, బిల్లు మీ నాన్నగారి కార్డు మీద వేయగలరు. సెక్యూరిటీ క్రెడెన్షియల్స్ పేజీకి వెళ్లి ఆ కీని ఆపేసి, తొలగించండి. రూట్ లాగిన్‌కు ఎంఎఫ్ఏ, అంటే పాస్‌వర్డుతో పాటు రెండో రుజువు కూడా అడిగే రక్షణ, పెట్టండి. ఆ తర్వాత ఖాతాలో జరిగే పనులను నమోదు చేసే క్లౌడ్‌ట్రెయిల్‌లో ఈవెంట్ హిస్టరీ తెరవండి. గత 90 రోజుల్లో ఎవరు ఏం చేశారో అక్కడ ఉంటుంది. అది ఒక్కో రీజియన్‌కు (ఏడబ్ల్యూఎస్ కంప్యూటర్లు ఉండే ప్రాంతానికి) విడివిడిగా కనిపిస్తుంది కనుక, మీరు వాడే ముంబై ఒక్కటే చూసి ఊరుకోవద్దు. దొంగతనం చేసేవారు మీ కన్ను పడని రీజియన్‌లోనే యంత్రాలు తెరుస్తారు.

ఇక సరైన పద్ధతి. కీ ఇవ్వకుండా మీ ఖాతాలో ఒక ఐఏఎం రోల్, అంటే బయటివారు కాసేపు తీసుకుని పనిచేసే అనుమతుల మూట, తయారుచేయాలి. డ్యాష్‌బోర్డు కంపెనీకి చెందిన ఫలానా 12 అంకెల నంబరున్న ఖాతా నుంచి వచ్చేవారు మాత్రమే ఈ రోల్ తీసుకోవచ్చని దాని ట్రస్ట్ పాలసీలో రాస్తారు. డ్యాష్‌బోర్డు వచ్చిన ప్రతిసారీ దానికి తాత్కాలిక అనుమతి దొరుకుతుంది. మామూలుగా గంటకే దాని గడువు తీరిపోతుంది. మీరిచ్చిన కీ అలా కాదు, మీరు తీసేసేదాకా పనిచేస్తూనే ఉంటుంది.

ఇక్కడే ఎక్స్‌టర్నల్ ఐడీ అనే గడి ఒకటి వస్తుంది. చాలామంది చదవకుండా దాటేస్తారు. మీ వీధిలో ఒకే గుమాస్తా పది దుకాణాల లెక్కలు రాస్తాడనుకోండి. నమ్మకస్తుడు కనుక మీ పద్దు పుస్తకం అడిగితే నాన్నగారు ఇస్తారు. కానీ ఎదురు దుకాణదారు అతనికి మీ దుకాణం గుర్తులు చెప్పి, ‘అది నాదే, లెక్క చూసి చెప్పు’ అని పంపితే? గుమాస్తాలో మోసం లేదు, అయినా మీ లెక్కలు ఎదుటివారికి చేరిపోతాయి. డ్యాష్‌బోర్డు కంపెనీ ఆ గుమాస్తా లాంటిది. మీ రోల్ చిరునామా అయిన ఏఆర్ఎన్ రహస్యమేమీ కాదు, అదే కంపెనీ ఖాతాదారు మరొకరు దాన్ని తన పేజీలో రాసుకోవచ్చు. అందుకే కంపెనీ ఒక్కో ఖాతాదారుకు ఒక్కో ఎక్స్‌టర్నల్ ఐడీ ఇస్తుంది. అది సరిపోలకపోతే మీ ఖాతా తలుపు తీయదు. ఈ పది వాక్యాలు మీ మాటల్లో చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో అవతలివారు కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

రోల్‌కు ఏ అనుమతి ఇచ్చారన్నదీ చూడాలి. ఏడబ్ల్యూఎస్ సిద్ధంగా ఉంచే ‘రీడ్‌ఓన్లీయాక్సెస్’ అనే పాలసీ (అనుమతుల జాబితా) పేరు చూసి నిశ్చింతగా ఉండకండి. అది ఎస్3 అనే నిల్వ సేవలో దాచిన ఫైళ్ల లోపలి విషయాన్ని కూడా చదవనిస్తుంది. ‘వ్యూఓన్లీయాక్సెస్’ అయితే జాబితాలు, పైపై వివరాల దగ్గరే ఆగుతుంది. కంపెనీ తానే పాలసీ ఇస్తే బటన్ నొక్కే ముందు ఆ జేసన్ (పాలసీ రాసి ఉండే పాఠం) చదవండి. యాక్షన్ ఎదురుగా ఒంటరిగా నక్షత్రం గుర్తు కనిపిస్తే ఆగిపోండి, అన్ని పనులకూ అనుమతి అని దాని అర్థం. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ అయిన అజూర్‌లో రీడర్ రోల్, గూగుల్ క్లౌడ్‌లో వ్యూయర్ రోల్ ఉంటాయి. ఆలోచన అదే కాబట్టి ఇప్పుడే వాటి వెంట పడనక్కరలేదు.

డబ్బు సంగతి నాన్నగారికి కూడా చదివి వినిపించండి. ఏడబ్ల్యూఎస్ ఖర్చుల లెక్క చూపే కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌ను ఏపీఐ ద్వారా, అంటే మనిషి కాక ప్రోగ్రాము, అడిగితే ప్రతి ప్రశ్నకూ 0.01 డాలరు పడుతుంది. డ్యాష్‌బోర్డు అయిదు నిమిషాలకోసారి అడిగితే రోజుకు 288 సార్లు, అంటే 2.88 డాలర్లు. ఖర్చు చూసుకోవడానికే ఖర్చు! రోజుకు ఒకటి రెండుసార్లు అడిగేలా మార్చండి. బడ్జెట్ హెచ్చరిక తప్పక పెట్టండి. అయితే అది మెయిలు పంపుతుందే తప్ప ఖర్చును తనంతట తాను ఆపదు.

విలువ ఉంటుందా అన్నారు. తప్పకుండా ఉంటుంది. క్లౌడ్ ఆపరేషన్స్, క్లౌడ్ సెక్యూరిటీ, ఖర్చుల నియంత్రణ చూసే ఫిన్‌ఆప్స్, మూడింటిలోనూ బయటి సాధనాలను ఖాతాకు జాగ్రత్తగా కలపడం నిత్యం ఉండే పని. కోర్సు ఫీజు మాత్రం ఇప్పుడే కట్టవద్దు. ఏడబ్ల్యూఎస్ పత్రాలన్నీ ఉచితం, మీ దగ్గర ఖాతా ఉంది, చేసిన తప్పు కూడా ఉంది. ఆ తప్పును దాచకండి. కీ ఇచ్చాను, ప్రమాదం తెలిసి తీసేశాను, రోల్ పెట్టాను అని ప్రాజెక్టు నివేదికలో వరసగా రాయండి. డ్యాష్‌బోర్డు మీ రోల్ తీసుకున్నప్పుడు క్లౌడ్‌ట్రెయిల్‌లో ‘అస్యూమ్‌రోల్’ అనే నమోదు పడుతుంది. ఖాతా నంబరు చెరిపేసి ఆ తెరచిత్రం జతచేయండి.

ముందు తెలుగులో రాసుకోండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు మీది. మన మాటల్లో చెప్పలేనిది మనకు పూర్తిగా అర్థం కానట్టేనని నేను నమ్ముతాను. తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చు.

ప్రాజెక్టు ముగిశాక డ్యాష్‌బోర్డులో మీ పేరు తీసేస్తే సరిపోదు, మీ ఖాతాలోని రోల్‌ను మీరే తొలగించాలి. అది కూడా చేసి, నివేదిక తెలుగు ప్రతి నాకు పంపండి. చదివి, ఇంటర్వ్యూకు ఎక్కడ పదును పెట్టాలో చెబుతాను.