ఊ కొట్టని సభలో కథ చెప్పడం

ఈ సంక్రాంతికి నేను హైదరాబాద్ వచ్చినప్పుడు, వచ్చే నెలలో న్యూజెర్సీకి ప్రయాణమవుతున్న మా మేనల్లుడు నల్లకుంటలోని మా ఇంటికి వచ్చి, "మామయ్యా, అక్కడి మీటింగుల్లో నా మాట ఎవరైనా వింటారంటావా?" అని అడిగాడు. ఇంగ్లీషు రాదన్న బెంగ కాదు అతనిది. గచ్చిబౌలిలో మూడేళ్లుగా విదేశీ క్లయింట్లతో మాట్లాడుతూనే ఉన్నాడు. చెప్పవలసినదంతా చెప్పిన తరువాత కూడా అవతలివారు "ఇంతకీ విషయమేమిటి?" అన్నట్లు చూస్తున్నారన్నది అతని బాధ. ఇరవై రెండేళ్ల క్రితం అక్కడికి వెళ్లిన కొత్తలో నేనూ అదే చూపు ఎదుర్కొన్నాను. ఈ సందేహం చాలామంది అడుగుతుంటారు కనుక ఆ సాయంత్రం మేము మాట్లాడుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇంటర్వ్యూలో చెప్పబోయే సమాధానమొకటి వినిపించమన్నాను. "మేము ఫలానా మాడ్యూల్ తీసుకున్నాము, వెర్షన్ మార్చాము, టెస్టింగ్ జరిగింది, ఒక సమస్య వచ్చింది, అది పరిష్కరించబడింది" అన్నాడు. పరిష్కరించినదెవరో ఆ వాక్యంలో ఎక్కడా లేదు. "ఆ రాత్రి నువ్వెక్కడున్నావు?" అని అడిగితే అసలు సంగతి బయటపడింది. నెలాఖరు, రాత్రి పదకొండున్నర. ఒక ఆసుపత్రి సిబ్బంది జీతాల కోసం బ్యాంకుకు వెళ్లవలసిన ఫైలులో కొన్ని పేర్లు రెండేసిసార్లు పడ్డాయి. సీనియర్ ఫోను ఎత్తడం లేదు. ఫైలు ఆపితే అందరి జీతాలూ ఆలస్యమవుతాయి, ఆపకపోతే కొందరికి రెండు జీతాలు పడతాయి. ఆపే అధికారం తనకు లేకపోయినా ఆపి, ఆ మాట క్లయింటుకు తానే ఫోను చేసి చెప్పాడట. ఇంత కథనూ "పరిష్కరించబడింది" అన్న ఒక్క మాట కింద పూడ్చిపెట్టాడు!

"నేను చేశాను" అనడం గొప్పలు చెప్పుకోవడమని మన పెంపకం. ఇంట్లో అది మంచి గుణమే. అక్కడి ఇంటర్వ్యూలలో మాత్రం సందర్భం, మీ బాధ్యత, మీరు చేసిన పని, దాని ఫలితం అనే వరుసలో సమాధానం ఆశిస్తారు; దీన్నే స్టార్ పద్ధతి అంటారు. అమీర్‌పేట కోచింగుల్లోనూ ఈ వరుస నేర్పుతున్నారు గాని, బట్టీ పట్టిన కథ రెండో ప్రశ్నకే నీరుగారిపోతుంది. "అప్పుడు మీకేమి భయం వేసింది?" అని అడిగితే, ఆ రాత్రి అక్కడ ఉన్నవాడు మాత్రమే జవాబు చెప్పగలడు. తోటివారి పనిని మీ ఖాతాలో వేసుకుంటే దొరికిపోయేదీ అక్కడే. పాత కంపెనీ రహస్యాలు, క్లయింటు పేరు కథలోకి రానివ్వకండి.

మరొక చిక్కు ఉంది. ముందు ఫలితం చెప్పమని అక్కడి మేనేజర్లు తొందరపెడతారు. ముగింపు ముందే చెప్పేస్తే కథలో ఇంకేమి మిగులుతుందని మనకు అనిపిస్తుంది. శ్రీరామనవమి పందిట్లో హరికథకు కూర్చున్నవారిలో రావణుడు చస్తాడని తెలియనివారెవరు? అయినా అందరూ చివరిదాకా కూర్చుంటారు. ఏమవుతుందో తెలిసినా, ఎలా అవుతుందో వినాలన్న కోరిక చావదు. కనుక మొదటి వాక్యంలో ఫలితం చెప్పి, ఆ వెంటనే చిక్కుముడి దగ్గరికి వెళ్లండి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, సర్వరు ఆగిపోయిన కారణం చెప్పమంటే దాన్ని కొన్న రోజు నుంచి మొదలుపెట్టాను. అసలు కారణం దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన లేచి వెళ్లిపోయాడు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కంగారుపెట్టింది నిశ్శబ్దం. మనకు ఊ కొట్టేవాడు లేనిదే కథ సాగదు. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా వంతలుంటారు. ఒకరు హాస్యం ఆడితే, మరొకరు లోకం పోకడ ఎత్తుకుంటారు, జనం మనసులోని ప్రశ్నను వాళ్లే అడిగేస్తారు. వీడియో కాల్‌లోనేమో అందరూ మైకు ఆపి కూర్చుంటారు. నా మాట నచ్చలేదనుకొని వేగం పెంచేవాణ్ణి, చెప్పినదే మళ్లీ చెప్పేవాణ్ణి. మాట్లాడేవారికి అడ్డు రాకపోవడం వారి మర్యాద అని గ్రహించడానికి రెండేళ్లు పట్టింది. అప్పటి నుంచి వంత పాత్ర కూడా నేనే వేస్తున్నాను: "మరి ముందు రోజే ఎందుకు గమనించలేదని మీరు అడగవచ్చు" అని, ఒక క్షణం ఆగి, జవాబు చెబుతాను.

ఒప్పించవలసి వచ్చినప్పుడు అంకెలు, కథ రెండూ కావాలి. ఉన్నది దెబ్బతింటే ఆదుకోవడానికి రెండో డేటా సెంటర్ అవసరమని నేను రెండేళ్లు పట్టికలు చూపించాను, ఎవరూ కదలలేదు. మూడోసారి మా ఊరి నది గురించి చెప్పాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15 వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మూడు నిమిషాలు పట్టింది. "అంటే ఇప్పుడు మనం చెట్టును నమ్ముకొని ఉన్నామా?" అని డైరెక్టరు అడిగాడు. ఖర్చు లెక్కల కాగితం అప్పుడు చేతికిచ్చాను. అది లేకుంటే కథ విని నవ్వి వెళ్లిపోయేవారు. అడిగినదాంట్లో సగమే మంజూరైంది, అది వేరే సంగతి.

చీకటిపడేసరికి మావాడు తన జీతాల కథను రెండు నిమిషాలకు కుదించాడు. హాలులో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మకు తెలుగులో చెప్పి చూపించమన్నాను. ఆమె చేతులు ఆపకుండానే విన్నది. ఫైలు ఆపాను, క్లయింటుకు చెప్పాను, మరునాడు మెచ్చుకున్నారు అని ముగించాడు.

"అది సరేరా, పాపం వాళ్లకు జీతాలు ఎప్పుడు పడ్డాయి?" అంది అమ్మ.

"మరునాడు మధ్యాహ్నానికల్లా పడ్డాయి, అమ్మమ్మా" అని చెప్పి, నోటుపుస్తకం తెరిచి మొదటి వాక్యం కొట్టేశాడు.